భద్రాచలంలో రెండు నలభైమూళ్ళు

వేసవి వచ్చిందంటే, ఉదయం పేపరు రాగానే సినిమా ప్రకటనలకంటే ముందు మన చూపు పోయేది ఉష్ణోగ్రతల పట్టిక మీదికి. ఖమ్మం 43 డిగ్రీలు, భద్రాచలం 43 డిగ్రీలు అని ఉన్నదనుకోండి. "చూశావా, పక్కజిల్లా కంటే మనదే ఎక్కువ!" అని ఇంటాయన కాఫీ తాగుతూ అంటారు, పందెంలో తన ఎడ్లజత గెలిచినంత సంబరంగా. వంటింట్లో పొయ్యిముందు నిలబడ్డ ఇల్లాలికి మాత్రం ఆ అంకెమీద నమ్మకం కుదరదు. ఆమె ఎరిగిన వేడి వేరు.

ఆమె అనుమానం సబబైనదే. ఆ 43 ఏ వీధిది? గాంధీచౌక్ సందులోని రేకుల ఇంటిదా? లకారం చెరువు గట్టుదా? మిర్చి యార్డుదా? వీటిలో ఏదీ కాదు. నలుపక్కలా ఖాళీనేల ఉన్నచోట, మనిషి రొమ్ము ఎత్తున, తెల్లరంగు వేసిన ఒక కొయ్యపెట్టె ఉంటుంది. దాని గోడలు కిటికీ రెక్కల్లాగా చీలికలు చీలికలుగా ఉంటాయి. గాలి వస్తుంది, ఎండ రాదు. ఆ పెట్టెలోని నీడ ఎంత వేడిగా ఉన్నదో అదే పేపరులో పడుతుంది. ఈ పెట్టెను కల్పించినవాడు థామస్ స్టీవెన్‌సన్ అనే దీపస్తంభాల ఇంజనీరు. 'ట్రెజర్ ఐలండ్' నవల రాసిన స్టీవెన్‌సన్‌కు ఈయన కన్నతండ్రి. కొడుకు కథ ప్రపంచమంతా చదివింది. తండ్రి పెట్టె చెప్పే అంకెను ప్రపంచమంతా రోజూ చదువుతున్నది, ఆయన పేరు తెలియకుండానే.

ఆ పెట్టె అబద్ధం చెప్పదు. అయితే అది చెప్పేది ఒక ప్రాంతపు వాతావరణం. ఊరికి, వాడకు, వీధికి వేరే వాతావరణం ఉంటుంది. ఈ సంగతిని మొట్టమొదట లెక్కతో చూపించినవాడు లండనులో మందుల వ్యాపారం చేసుకునే ల్యూక్ హోవర్డ్. మేఘాలకు పేర్లు పెట్టిన మహానుభావుడు కూడా ఈయనే. ఏళ్ళ తరబడి ఉష్ణమాపకం చూసి రాసుకొని, లండను నగరం రాత్రిళ్ళు చుట్టుపక్కల పల్లెలకంటే వెచ్చగా ఉంటున్నదని 1818లో మొదలుపెట్టి వేసిన గ్రంథంలో నిరూపించాడు. కారణం ఊహించడం కష్టం కాదు. రాయి, సిమెంటు, తారు పగలంతా ఎండను మింగి, చీకటి పడ్డాక నెమ్మదిగా కక్కుతాయి. ఖమ్మం అసలే నల్లరాయికి పేరుబడ్డ ప్రాంతం. సాయంత్రం ఆరింటికి అరుగుమీద కూర్చోబోయి చటుక్కున లేచినవారికి ఈ శాస్త్రం వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఈ వీధి వాతావరణాన్ని కంప్యూటర్లచేత చదివిస్తున్నారు. మెషీన్ లెర్నింగ్ అని పేపర్లలో తరచూ కనిపిస్తున్న మాట ఇదే. యంత్రానికి సూత్రం చెప్పకుండా, పాత లెక్కలు గుట్టలుగా ముందు పోసి, వాటిలోంచి సూత్రాన్ని అదే పట్టుకొనేటట్టు చేయడమన్నమాట.

మన దేశంలో దీనికి తాతవంటి పని ఒకటి వంద సంవత్సరాల కిందటే జరిగింది. 1904 నుంచి 1924 దాకా భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ గణితం చదువుకొని వచ్చిన దొర. రుతుపవనాలు ఏ ఏడు మంచివో, ఏ ఏడు మోసం చేస్తాయో ముందే తెలుసుకోవాలని ఆయన తపన. దేశదేశాల వాన లెక్కలు, గాలి పీడనం లెక్కలు తెప్పించి, మన గుమాస్తాలను వరసగా కూర్చోబెట్టి, దేనికీ దేనికీ పొత్తు ఉన్నదో చేత్తో కట్టించాడు. ఎందుకు పొత్తు అని అడగలేదు. ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. పసిఫిక్ సముద్రంలో ఈ వైపు పీడనం తగ్గితే ఆ వైపు పెరిగే ఊగిసలాట ఆ లెక్కల్లోంచే బయటపడింది. నేడు ఎల్‌నినో అని మనం ఆడిపోసుకుంటున్నదానికి అది జోడు.

అదే కాలంలో ఇంగ్లండులో రిచర్డ్‌సన్ అనే ఆయన రెండోదారి పట్టాడు. గాలి కదలికకు భౌతికశాస్త్ర సూత్రాలున్నాయి కదా, వాటితోనే రేపటి వాతావరణం కట్టేద్దామన్నాడు. 6 గంటల వాతావరణం లెక్కకట్టడానికి వారాల తరబడి కుస్తీ పట్టాడు. జవాబు తప్పు వచ్చింది. ప్రపంచానికంతకూ లెక్క కట్టాలంటే 64,000 మంది లెక్కలవాళ్ళు ఒక పెద్ద నాటకశాలలో కూర్చోవాలని 1922లో అచ్చువేసిన పుస్తకంలో ఊహించాడు. 1950లో ఎనియాక్ అనే కంప్యూటరు ఆ పనికి పూనుకొని, 24 గంటల జోస్యాన్ని ఇంచుమించు 24 గంటల్లో కట్టింది. అంటే జోస్యం పూర్తయ్యేసరికి రేపు వచ్చేసింది! ఇప్పుడు మన వాతావరణ శాఖ 2025 మే నెలలో మొదలుపెట్టిన 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' దేశాన్ని 6 కిలోమీటర్ల గళ్ళుగా విడదీసి లెక్క కడుతున్నది.

వాకర్ దారి కూడా కొత్త వేషంతో తిరిగివచ్చింది. 2023లో గూగుల్ వారి గ్రాఫ్‌కాస్ట్ అనే యంత్రం, సుమారు నలభై ఏళ్ళ వాతావరణ చరిత్రను వల్లించి, 10 రోజుల జోస్యాన్ని ఒక నిమిషంలోపే చెప్పి పెద్దపెద్ద కేంద్రాలను ఆశ్చర్యపరచింది. ఆ గూగుల్ వారిదే ఇంకొక యంత్రం సాయంతో 2025లో మన వ్యవసాయ మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాలలో 3 కోట్ల 80 లక్షలమంది రైతులకు తొలకరి ఎప్పుడో ఫోనులో సందేశం పంపింది. రోహిణి, మృగశిర అని కార్తెలు లెక్కపెట్టుకొనే మన రైతుకు ఇది మరీ వింతేమీ కాదు. కార్తె కూడా పాత అనుభవాన్ని మూటగట్టి చెప్పిన జోస్యమే. కాని కార్తె దేశమంతటికీ ఒకటే రోజున వస్తుంది. యంత్రం ఊరికొక తేదీ చెప్పగలదు.

ఊరికి చెప్పగలదు సరే, వీధికి? గ్రాఫ్‌కాస్ట్ గడి ఒకవైపు సుమారు 28 కిలోమీటర్లు. భద్రాచలం మీద అటువంటి గడి ఒకటి పరిచి చూడండి. గుట్టమీది రామాలయం, స్నానఘట్టాలు, గోదావరి ఇసుక, అవతలి గట్టున సారపాక కాగితం మిల్లు, ఇవతల అడవి, అడవిలో కోయ గూడేలు, అన్నీ ఒకే గడిలో పడి ఒకే ఉష్ణోగ్రతను పంచుకుంటాయి. ఆరు కిలోమీటర్ల గడి అయినా బజారును, బజారు వెనక చెరువును విడదీయలేదు.

ఇక్కడ ఆకాశంనుంచి సాయం వస్తుంది. లాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాలు రెండు, 705 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, ఒక్కొక్కటి 16 రోజులకొకసారి మన నెత్తిమీదినుంచి పోతాయి. నేలనుంచి వచ్చే వేడిని 100 మీటర్ల గళ్ళతో ఫొటో తీస్తాయి. నూరు మీటర్లంటే దాదాపు వీధి కొలతే. ఆ ఫొటోలో రేకుల కప్పులు, తారురోడ్డు, ఎండిన చేను ఎర్రగా మండుతుంటాయి. చెరువు, మామిడితోట నీలంగా ఉంటాయి. అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఉపగ్రహం చూసేది ఇంటికప్పు వేడిని, కప్పుకింద మనిషి పీల్చే గాలి వేడిని కాదు. రెండవది, అది మన ప్రాంతం మీదికి వచ్చేది పొద్దున పది గంటల ప్రాంతంలో. మనిషిని కుంగదీసేది మధ్యాహ్నం మూడుగంటల ఎండ, దానికంటే ఎక్కువగా, చల్లబడని రాత్రి.

ఈ ఫొటోకూ, పెట్టెలోని అంకెకూ మధ్య వంతెన కట్టేది మెషీన్ లెర్నింగ్. దానిలో ఎక్కువ వాడుకలో ఉన్న పద్ధతికి 'రాండమ్ ఫారెస్ట్' అని పేరు. అంటే అడవే! 2001లో బ్రైమన్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు దీనికి రూపం ఇచ్చాడు. పిల్లలు ఆడే పొడుపు ఆటలాంటిది. ఇక్కడ చెట్టు ఉన్నదా? ఉంటే చెరువు కిలోమీటరు లోపలనా? లేకుంటే ఇళ్ళు ఎంత దగ్గరగా ఉన్నాయి? కప్పు రేకా, స్లాబా? ఇట్లా ప్రశ్నమీద ప్రశ్న కొమ్మలుగా చీలుతూ పోయి చివర ఒక అంకె చెబుతుంది ఒక చెట్టు. ఒక్క చెట్టు మాట నమ్మరాదు కాబట్టి అటువంటివి వందలు నాటి, అన్నింటి సగటు తీస్తారు. పంచాయతీలో పదిమంది పెద్దలను అడిగినట్టు.

అడవి అంటే గుర్తుకొచ్చింది. ఈ విద్యలో మన సరిహద్దు ప్రాంతం పెట్టే పరీక్ష కూడా అడవిదగ్గరే. నగరాలమీద ఇంతవరకూ పాఠం నేర్చుకున్న యంత్రాలు ఎక్కువగా పచ్చని చెట్టు చల్లదనం ఇస్తుందని నేర్చుకున్నాయి. ఆకు నీటిని ఆవిరిచేసి గాలిని చల్లబరుస్తుంది కాబట్టి అది నిజమే. కాని కిన్నెరసాని చుట్టూ, పాల్వంచనుంచి భద్రాచలం దాకా ఉన్నది ఆకురాల్చే అడవి. టేకు ఎండాకాలం రాకముందే మోడై నిలుస్తుంది. ఇప్పచెట్టు ఆకు రాల్చేసి బోడికొమ్మలమీదే పూలు పూస్తుంది. చెట్లు ఉన్నాయి, నీడ లేదు. 'అడవి, కనుక చల్లన' అని ఏ దూరదేశపు పాఠమో ఇక్కడ అప్పజెప్పితే సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో తప్పు చెబుతుంది. ఆ నెలలే తునికాకు కోత కాలం. ఆకు కోసే ఆడవాళ్ళు తెల్లవారకముందే అడవిలోకి పోయి, ఎండ ముదిరేవేళకు మూటలతో తిరిగివస్తారు. అదే ఎండలో ఖమ్మం యార్డులో హమాలీలు మిర్చి బస్తాలు మోస్తుంటారు. ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఉక్కకు గుడ్డ తీసేయాలి! జోస్యం ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే మనకు కబుర్లలోకి పనికివస్తుంది. వాళ్ళకు అది ఆ పూట కూలికి సంబంధించిన విషయం, ఒక్కొక్కప్పుడు ప్రాణానికి. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిసి 1,500 మందికి పైగా వడదెబ్బకు పోయారు.

ఇంకొక విడ్డూరం చూడండి. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి, ఆ రోజుకు మామూలుగా ఉండవలసిన దానికంటే 4.5 డిగ్రీలు పైకి పోతేగాని, లేదా 45 తాకితేగాని, వాతావరణ శాఖ లెక్కలో అది వడగాలి కాదు. మామూలుగానే 40 దాటే మన ప్రాంతంలో 43 అంటే వడగాలి కిందికి రాదు. లెక్క ప్రకారం అది మంచి రోజే!

ఇక రెండో నలభైమూడు సంగతి. భద్రాచలంలో ఏ చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు, గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు అన్నది ఇంటింటా కంఠతా వచ్చిన లెక్క. నీళ్ళు ఏ అడుగుకు వస్తే ఏ రోడ్డు మునుగుతుందో, ఎవరు సామాను అటకమీదికి ఎక్కించాలో, ఎవరు పునరావాస కేంద్రానికి పోవాలో వాళ్ళకు తెలుసు. ఆ 43 వెనక ఏళ్ళతరబడి గంటగంటకూ కొలబద్ద చూసి రాసిన మనుషులున్నారు. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి కలిసినచోట్లనుంచి కబురు అందుతుంది. నది పెద్దది కాబట్టి వరద నడిచి రావడానికి వ్యవధి ఉంటుంది. డిగ్రీల 43కు అటువంటి అర్థం ఇంకా ఏర్పడలేదు. అది వినగానే ఏ వీధివారు ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

ఖమ్మం మున్నేరుకు గోదావరికున్న వ్యవధి లేదు. పాకాల వైపునుంచి వచ్చే ఈ ఏరు తీర్థాల దగ్గర ఆకేరును కలుపుకొని ఊళ్ళోకి వస్తుంది. ఇక్కడ 16 అడుగులు మొదటి హెచ్చరిక, 24 రెండవది. 2024 సెప్టెంబరు 1న 36 అడుగులకు వచ్చింది. తిరుమలాయపాలెం మండలం కాకరవాయిలో ఒక్క రోజులో 52 సెంటీమీటర్ల వాన పడింది. ప్రకాశ్‌నగర్ వంతెనమీద చిక్కుకున్న తొమ్మిదిమందిని ఒక డ్రైవరు తన బుల్డోజరుతో అవతలికి పోయి తీసుకువచ్చిన సంగతి పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది.

అటువంటి రోజున పైన చెప్పిన 'చెట్ల' యంత్రం ఏమంటుంది? ఏమీ అనలేదు. అది తాను చూసిన అంకెల సగటు చెప్పగలదేగాని, చూసినవాటిలో అతిపెద్ద అంకెను దాటి ఒక్క మిల్లీమీటరు కూడా పైకి పోలేదు. ఎన్నడూ చూడని వాన దాని ఊహకు అందదు. అందుకే శాస్త్రజ్ఞులు ఇప్పుడు వాకర్ దారినీ రిచర్డ్‌సన్ దారినీ కలపజూస్తున్నారు. సూత్రాలు చెప్పేది సూత్రాలచేత చెప్పించి, వాటికి అందని గల్లీ సంగతులు మాత్రం యంత్రంచేత పూరింపజేయడం. కొలబద్ద లేని నదులకు కూడా, కొలబద్ద ఉన్న ఇతర నదుల పాఠంతో వరద చెప్పవచ్చునని గూగుల్ శాస్త్రజ్ఞులు 2024లో 'నేచర్' పత్రికలో చూపించారు. వారి వరద హెచ్చరికలు మొదట పరీక్షకు పెట్టింది 2018లో మన పాట్నాలోనే.

ఎరగని చోట యంత్రం మాట ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉన్నది. ఒక ఊరి లెక్కలన్నీ దాచేసి, మిగతా ఊళ్ళ లెక్కలే నేర్పి, దాచిన ఊరిని అడగడం. ఖమ్మంలో నేర్పి ఖమ్మంలోనే అడిగితే యంత్రం నూటికి తొంభై మార్కులు తెచ్చుకుంటుంది, ప్రశ్నపత్రం ముందే చూసిన విద్యార్థిలాగా. ఖమ్మం నేర్పి భద్రాచలం అడిగినప్పుడు కదా అసలు పరీక్ష! యంత్రం గొప్పలు చెప్పే కాగితం మీ చేతికి వస్తే, ఏ ఊరు దాచి పరీక్ష పెట్టారో ముందు చూడండి.

ఈ అంచనాలకు ఒక గట్టి హద్దు గీసినవాడు మన తెలుగువాడే కావడం సంతోషం. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు చిన్నతనంలో కొంతకాలం నందిగామలో చదువుకున్నారు. ఖమ్మం దాటి దిగువకు పోయిన మున్నేరు కృష్ణలో కలిసేది ఆ ప్రాంతంలోనే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా పోయి, 25 ఏళ్ళ వయసులో 1945లో ఒక వ్యాసం ప్రకటించారు. చేతిలో ఉన్న లెక్కల్లో ఎంత సమాచారం ఉన్నదో అంతే ఉన్నది. పక్షపాతం లేకుండా అంచనా కట్టే ఏ పద్ధతీ, ఎంత తెలివైనదైనా సరే, తప్పును ఒక హద్దుకంటే కిందికి దించలేదు అని అందులో ఒక ముఖ్యమైన ఫలితం. క్రామర్-రావు హద్దు అని దానికి పేరు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఆయనకు గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమానం ఇచ్చారు. ఆ ఆగస్టులోనే ఆయన దివంగతులైనారు. యంత్రం ఎంత పెద్దదైనా రాయని లెక్కను చదవలేదని తెలిసినప్పుడు, కొలిచే పెట్టె ఎక్కడ పెట్టారన్నది యంత్రంకంటే ముఖ్యమైపోతుంది.

తెలంగాణ ప్రణాళికాశాఖ వారి స్వయంచాలక వాతావరణ కేంద్రాలు రాష్ట్రం మొత్తంమీద వెయ్యికి పైగా ఉన్నాయి. కాకరవాయి వాన అంకె తెలిసింది అటువంటి ఏర్పాటు వల్లనే. ఇది మెచ్చుకోదగ్గ సంగతి. కాని మండలానికి ఒకటి రెండు అంటే, రోడ్డుపక్క, కరెంటు, ఫోను సిగ్నలు ఉన్నచోట నిలుస్తాయి. తునికాకు కోసే లోపలి అడవికి, రాత్రి రేకులకింద పడుకొనే వాడకు అవి కొంచెం దూరమే.

రాష్ట్ర ప్రభుత్వం 2023లో 'చల్లని కప్పు' విధానం ఒకటి ప్రకటించింది. 2028 దాకా అది అమలు. కప్పుమీద సున్నంగాని తెల్లరంగుగాని వేస్తే ఎండ తిరిగి ఆకాశానికి పోతుంది. కిందిగది చల్లబడుతుంది. మన పెద్దలు డాబాకు సున్నం కొట్టించినది ఇందుకే. 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామన్నారు. ఊళ్ళో సున్నం ముందు ఏ వాడ కప్పులకు వేయాలి, చలివేంద్రం ఏ మలుపులో పెట్టాలి, యార్డులో బస్తాల పని ఏ గంటకు ఆపాలి అన్నవి పటం చూసి తేల్చవలసిన ప్రశ్నలు. ఆ పటం గీయడానికి ఉపగ్రహం ఫొటో ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. రాండమ్ ఫారెస్ట్ కూడా కాలేజీ కుర్రాళ్ళు నడపగలిగినదే. కొత్తగూడెంలో పాత గనుల కళాశాలను మన్మోహన్‌సింగ్ పేర భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా 2025లో మార్చారు కాబట్టి కుర్రాళ్ళకూ కొదవ లేదు.

కొదవ ఉన్నది రాత్రి లెక్కలకు. ఉపగ్రహం పొద్దున పదింటికి వచ్చిపోతుంది. రాత్రి పదికి, తెల్లవారుజామున నాలుగింటికి రేకుల ఇంట్లో ఎంత ఉన్నదో ఎవరైనా ఇంటిలోపల చూసి రాయవలసిందే. గోడకు తగిలించే ఉష్ణమాపకం మందుల దుకాణాలవారు కేలండరుతోపాటు ఊరికే ఇచ్చే రకం కాకుండా, కాస్త నికరమైనది అయితే చాలు. ఒక వాడలో పది ఇళ్ళు, ఏప్రిల్, మే నెలలు, రోజుకు రెండుసార్లు: మొత్తం 1,220 అంకెలు. ఒక నోటుపుస్తకం సరిపోతుంది.